గ్రౌండ్ కొలత చూసి టీమ్ దించండి: ఫుట్‌బాల్ మేనేజర్ ఆడేవాళ్ళకి ఒక రిఫరీ లెక్క

ఫుట్‌బాల్ మేనేజర్‌లో (మనమే మేనేజర్‌గా టీమ్ నడిపే కంప్యూటర్ గేమ్) ఎదుటివాళ్ళ గ్రౌండులో మ్యాచ్ ఓడిపోగానే చాలామంది ఆటగాళ్ళ మొరాల్ (హుషారు) చూస్తారు, ప్రత్యర్థి ఫార్మేషన్ (ఆటగాళ్ళ అమరిక) చూస్తారు, చివరికి గోల్‌కీపర్ని తిట్టుకుంటారు. స్టేడియం వివరాలు తెరిచి గ్రౌండ్ పొడవు, వెడల్పు చూసేవాళ్ళు తక్కువ. నేను మ్యాచ్‌కి ముందు మొదట చూసేది ఆ రెండు అంకెల్నే. దానికి కారణం నా పని.

మాది గుణుపూర్. ఒడిశాలోని రాయగడ జిల్లాలో, వంశధార నది ఒడ్డున. నౌపడా నుంచి వచ్చే రైలు లైను మా ఊళ్ళోనే ఆగిపోతుంది. నాకు ఎలక్ట్రికల్ సామాన్ల షాపు ఉంది. కోతలు అయిపోయి పొలాలు ఖాళీ అయ్యాక చుట్టుపక్కల ఊళ్ళలో జరిగే మ్యాచ్‌లకి రిఫరీగా వెళ్తుంటాను. మా వైపు రిఫరీ అంటే విజిల్ ఊదేవాడు మాత్రమే కాదు. పొద్దున్నే టేపు, పురికొస, సున్నం బకెట్ పట్టుకెళ్ళి గీతలు గీయించే పని కూడా అతనిదే. పుట్టసింగి వైపు కొండ ఊళ్ళలో గ్రౌండ్ అంటే చదునుగా దొరికిన చోటు. ఒక పక్క పొలం గట్టు ఉంటుంది, ఇంకో పక్క చింతచెట్టు ఉంటుంది. ఆ రెండింటి మధ్య ఎంత వెడల్పు దొరికితే అంతే ఆట. గెలిచినవాళ్ళకి మేకపోతు.

ఇలాంటి చోట్ల టేపు పట్టుకున్నవాడికి ఒక సంగతి త్వరగా తెలుస్తుంది. గ్రౌండ్ చిన్నదయినంత మాత్రాన లోపలి కొలతలన్నీ చిన్నవి కావు. గోల్ 7.32 మీటర్లే ఉంటుంది. పెనాల్టీ బాక్స్ వెడల్పు ఎప్పుడూ 40.3 మీటర్లు, లోతు 16.5 మీటర్లు. మధ్య వలయం వ్యాసార్ధం 9.15. గ్రౌండ్ వెడల్పు తగ్గితే ఆ తగ్గుదల మొత్తం బాక్సుకి అటూ ఇటూ ఉన్న పట్టీల్లోంచే పోతుంది. పొడవు తగ్గితే అది రెండు బాక్సుల మధ్య ఉన్న మైదానంలోంచే పోతుంది. ఈ గైడులో నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క లెక్క మీదే ఆధారపడి ఉంది.

మా మేనల్లుడు రాయగడలో చదువుకుంటున్నాడు. వాడూ ఈ గేమ్ ఆడతాడు. ఒకరోజు రాత్రి ఫోన్ చేసి, "మావయ్యా, ఇంటికాడ నాలుగు గోల్స్ కొట్టిన టీమ్ ఇక్కడ ఒక్కటి కూడా కొట్టనేదేటి?" అన్నాడు. "ముందు ఆ గ్రౌండ్ ఎంతుందో చూసి చెప్పరా" అన్నాను. కాసేపు వెతికి, వెడల్పు 64 అన్నాడు. వాడి సొంత గ్రౌండ్ 70. వాడి ఆటంతా మైదానం అంచుల్లో దాడి చేసే ఇద్దరు వింగర్లు, వాళ్ళ పక్కనుంచి పైకి పరుగెత్తే ఇద్దరు ఫుల్‌బ్యాక్‌ల (పక్క డిఫెండర్ల) మీదే నడుస్తుంది. ఇంకేం చెప్పాలి?

నిబంధన ఏమంటుంది

ఫుట్‌బాల్ మొదటి నిబంధన ప్రకారం గ్రౌండ్ పొడవు 90 నుంచి 120 మీటర్ల దాకా, వెడల్పు 45 నుంచి 90 మీటర్ల దాకా ఉండొచ్చు. అంతర్జాతీయ మ్యాచ్‌లకయితే పొడవు 100 నుంచి 110, వెడల్పు 64 నుంచి 75. పెద్ద టోర్నీలన్నీ ఇప్పుడు 105 × 68 కొలతకి వచ్చేశాయి. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ కూడా అదే అడుగుతుంది, స్థలం చాలని పాత స్టేడియాలకి మాత్రం మినహాయింపు ఇస్తుంది. థేమ్స్ నది ఒడ్డున ఉన్న ఫుల్హామ్ వాళ్ళ క్రేవెన్ కాటేజ్ 100 × 65. ఆర్సెనల్ 2006లో ఎమిరేట్స్‌కి మారక ముందు ఆడిన హైబరీ కూడా 100 × 67 దగ్గరే ఉండేది. బ్రెజిల్‌లోని మరకానాది ఒకప్పుడు 110 × 75 గ్రౌండ్. 2014 ప్రపంచ కప్ కోసం దాన్ని 105 × 68కి కుదించారు. బార్సిలోనా వాళ్ళ క్యాంప్ నౌ గ్రౌండ్ మిగతావాటికన్నా పెద్దదని చాలామంది నమ్ముతారు. దాని కొలత కూడా 105 × 68. పెద్దది స్టాండే.

పై లీగుల్లో ఆడుతున్నవాళ్ళకి కొలతల్లో తేడా అంత తగలదు. కానీ ఇంగ్లండ్ కింది అంచెల్లో టీమ్ తీసుకుని పైకి తెచ్చే ఆట ఆడుతున్నారనుకోండి, ఉదాహరణకి ఆరో అంచెలోని నేషనల్ లీగ్ నార్త్, అక్కడ ప్రతి వారం కొత్త కొలతే. మన దేశపు లీగులు ఆడినా, కప్ మ్యాచ్‌ల్లో చిన్న క్లబ్బుల గ్రౌండ్లకి వెళ్ళినా ఇదే పరిస్థితి. ఈ గైడు ముఖ్యంగా అలాంటివాళ్ళకే.

ఇప్పుడు లెక్కకి వద్దాం. వెడల్పు 68 ఉన్న గ్రౌండులో బాక్స్ అంచు నుంచి టచ్‌లైన్ (పక్క గీత) దాకా ఒక్కో వైపు దాదాపు 13.8 మీటర్లు మిగులుతాయి. 64 అయితే 11.8. 75 అయితే 17.3. అంటే 75 నుంచి 64కి వచ్చేసరికి వెడల్పు మొత్తంలో తగ్గింది దాదాపు ఏడో వంతే గానీ, వింగర్ ఆడే పట్టీలో మూడో వంతు దాకా పోయింది. మా కొండ ఊళ్ళలో నిబంధన చెప్పే కనీస వెడల్పు 45 కూడా ఒక్కోసారి దొరకదు. 45 దొరికినా బాక్స్ పక్కన మిగిలేది రెండు మీటర్ల చిల్లర. అక్కడ వింగర్ అనేవాడే ఉండడు. త్రో వేస్తే బంతి నేరుగా గోల్ ముందు పడుతుంది.

వెడల్పు తగ్గినప్పుడు

ఇరుకు గ్రౌండు అనగానే చాలామంది ఎటాకింగ్ విడ్త్ (దాడిలో టీమ్ ఎంత వెడల్పుగా పరుచుకోవాలన్నది) తగ్గించేసి ఊరుకుంటారు. అది సగం పనే. అసలు ప్రశ్న, ఆ 11.8 మీటర్ల పట్టీలో మీ వాళ్ళు ఎంతమంది తిరుగుతున్నారన్నది. వింగర్, వాడి వెనకనుంచి బయటివైపుగా దాటి పోయే (ఓవర్‌ల్యాప్ చేసే) వింగ్‌బ్యాక్, అంటే పైకెళ్ళే ఫుల్‌బ్యాక్, ఇద్దరూ గీత వెంటే పోతే మా ఊరి బజారు సందులో రెండు ఆటోలు ఎదురుపడ్డట్టే. ప్రత్యర్థి ఫుల్‌బ్యాక్ ఒక్కడే నిలబడి ఇద్దరినీ ఆపేస్తాడు.

కాబట్టి ఒక్కో వైపు గీత వెంట ఒక్కరినే ఉంచండి. వింగ్‌బ్యాక్ పైకి వెళ్ళేవాడైతే ముందున్నవాడికి ఇన్‌సైడ్ ఫార్వర్డ్ గానీ ఇన్‌వర్టెడ్ వింగర్ గానీ రోల్ ఇచ్చి లోపలికి పంపండి. ముందున్నవాడు అచ్చమైన వింగరే అయితే వెనకవాణ్ణి ఇన్‌వర్టెడ్ వింగ్‌బ్యాక్ చేసి మిడ్‌ఫీల్డ్‌లోకి తీసుకురండి. ఓవర్‌ల్యాప్ బటన్లు తీసేయండి. నా మాట అడిగితే, ఇరుకు గ్రౌండ్లలో వింగర్లే లేని ఫార్మేషన్లు ఎక్కువ పనిచేస్తాయి. ముగ్గురు సెంటర్‌బ్యాక్‌లు, ఇద్దరు వింగ్‌బ్యాక్‌లతో 3-5-2 గానీ, మిడ్‌ఫీల్డ్‌లో డైమండ్ ఆకారంలో 4-4-2 గానీ వాడండి. వింగ్‌బ్యాక్ ఒక్కడే ఆ పట్టీ మొత్తం చూసుకోగలడు, ఎందుకంటే పట్టీయే చిన్నది.

డిఫెన్స్‌లో మాత్రం ఇరుకు గ్రౌండ్ మనకి పెద్ద సాయం. టచ్‌లైన్ దగ్గరగా ఉంటుంది కాబట్టి ప్రెసింగ్ ట్రాప్‌ని (ప్రత్యర్థిని ఎటు తోసి చుట్టుముట్టాలన్న ఎంపిక) బయటివైపు పెట్టండి, ట్రిగ్గర్ ప్రెస్ (మీదపడి ఒత్తిడి చేయడం) పెంచండి. ప్రత్యర్థిని గీత వైపు తోస్తే వాడికి మళ్ళే చోటుండదు. మన బ్లాక్ (డిఫెన్స్‌లో నిలబడ్డ గుంపు) ఒక పక్కకి జరిగినా రెండో పక్క మరీ ఖాళీ అయిపోదు. 100 × 64 గ్రౌండులో మొత్తం స్థలాన్ని 22 మందికి పంచితే ఒక్కొక్కరికి దాదాపు 291 చదరపు మీటర్లు వస్తాయి. అదే 110 × 75లో 375. మొదటి దాంట్లో ప్రెస్ చేయడానికి పరుగు తక్కువ, ప్రత్యర్థికి ఆలోచించుకునే టైమ్ కూడా తక్కువ. ఫస్ట్ టచ్ (బంతిని అదుపు చేయడం), కంపోజర్ (నిబ్బరం) తక్కువున్న డిఫెండర్లు ఎదురు టీమ్‌లో ఉంటే ఇదే సందు.

ఇక సెట్ పీసులు, అంటే త్రోలు, కార్నర్లు, ఫ్రీకిక్‌లు. చాలామంది వీటిని అసిస్టెంట్‌కి వదిలేస్తారు, అదే నాకు నచ్చని విషయం. గోల్ లైన్ దగ్గర్నుంచి త్రో వేస్తే దగ్గరి పోస్ట్ ఎంత దూరమో చూడండి: 64 వెడల్పులో 28.3 మీటర్లు, 68లో 30.3, 75లో 33.8. ముప్పై మీటర్ల దాకా బలంగా విసరగలిగేవాడు మొదటి గ్రౌండులో కార్నర్ లాంటి త్రో వేస్తాడు, చివరి దాంట్లో వాడి బంతి పోస్ట్ దాకా రాకుండానే పడిపోతుంది. టోనీ పులిస్ మేనేజర్‌గా ఉన్నప్పుడు 2008లో ప్రీమియర్ లీగ్‌లోకి వచ్చిన స్టోక్ సిటీ చేసింది ఇదే. తమ గ్రౌండుని 100 × 64కి ఇరుకు చేసుకుని, రోరీ డెలాప్ లాంగ్ త్రోలతో పెద్ద టీముల్ని బెదరగొట్టారు. గేమ్‌లో ఆటగాళ్ళకి లాంగ్ త్రోస్ అని ఒక అట్రిబ్యూట్ ఉంది, 20కి లెక్క. 15 దాటినవాడు మీ స్క్వాడులో ఎక్కడో మూల కూర్చుని ఉంటాడు. ఇరుకు గ్రౌండుకి వెళ్తున్నప్పుడు వాణ్ణి ఫుల్‌బ్యాక్‌గా దించి చూడండి. జంపింగ్ రీచ్ (ఎగిరి అందుకునే ఎత్తు) బాగున్న ఇద్దర్ని దగ్గరి పోస్ట్‌కి పంపండి. ప్రత్యర్థి దగ్గర అలాంటివాడున్నా ఇదే లెక్క తిరగేయాలి, అనవసరంగా బంతిని త్రోలకి తన్నకండి.

వెడల్పు ఎక్కువైనప్పుడు

ఇక్కడ నేను మిగతావాళ్ళతో విభేదిస్తాను. వెడల్పు గ్రౌండు దొరకగానే క్రాసులు (పక్కల నుంచి గోల్ ముందుకి వేసే బంతులు) దంచమంటారు. కానీ 75 వెడల్పులో టచ్‌లైన్ నుంచి గోల్ మధ్యకి 37.5 మీటర్లు. 64లో అది 32. దూరం పెరిగితే బంతి గాల్లో ఎక్కువసేపు ఉంటుంది, డిఫెండర్లకి సర్దుకోడానికి టైమ్ దొరుకుతుంది. వెడల్పు వల్ల వచ్చే లాభం క్రాసులో లేదు, ప్రత్యర్థి బ్యాక్‌లైన్ సాగిపోవడంలో ఉంది. ఫుల్‌బ్యాక్ మీ వింగర్ కోసం బయటికి వస్తే, వాడికీ సెంటర్‌బ్యాక్‌కీ మధ్య ఖాళీ పడుతుంది. ఆ ఖాళీలోకి పరుగెత్తేవాడు కావాలి. వింగర్‌ని గీత మీదే ఉంచి, అండర్‌ల్యాప్ (వింగర్‌కి లోపలివైపు నుంచి పరుగు) పెట్టి, లోపల మెజాలా (ఆ ఖాళీలోకి ముందుకెళ్ళే) రోల్‌లో ఒక మిడ్‌ఫీల్డర్ని పెట్టండి. క్రాసులు కావాలంటే తక్కువ ఎత్తువి, గోల్ లైన్ దాకా వెళ్ళి వెనక్కి తన్నేవి.

మీ టీమే బలహీనమైనదయితే వెడల్పు గ్రౌండులో డిఫెన్స్ తలనొప్పి. నేను చేసేది చెబుతాను. క్రాస్ ఎంగేజ్‌మెంట్‌లో (క్రాసుల్ని అడ్డుకోవాలా, వదలాలా అన్న ఎంపిక) ఇన్వైట్ క్రాసెస్ పెడతాను. పక్కల్లో ఉన్న చోటంతా వాళ్ళకే వదిలేసి, మధ్యలో గట్టిగా నిలబడటం అన్నమాట. సెంటర్‌బ్యాక్‌లు ఎత్తుగా, హెడింగ్ బాగా ఉంటేనే ఇది పనికొస్తుంది. పొట్టివాళ్ళయితే వద్దు. ముగ్గురు సెంటర్‌బ్యాక్‌ల ఫార్మేషన్ కూడా ఇక్కడ ప్రమాదమే. వింగ్‌బ్యాక్ పైకి వెళ్ళినప్పుడు వాడి వెనక 17 మీటర్ల పట్టీని చివరి సెంటర్‌బ్యాక్ ఒక్కడే కాపాడాలి. వాడి పేస్ (వేగం) 20కి 11, 12 ఉంటే ఇక చెప్పక్కర్లేదు.

పొడవు గురించి

వెడల్పుకి దొరికినంత శ్రద్ధ పొడవుకి దొరకదు. రెండు బాక్సుల మధ్య 100 మీటర్ల గ్రౌండులో 67 మీటర్లు ఉంటాయి, 105లో 72, 110లో 77.

చిన్న పొడవులో గోల్‌కీపర్ కాలు ఆయుధమవుతుంది. ఒక కీపర్ బాక్స్ అంచు దగ్గర్నుంచి 60 మీటర్లు తన్నాడనుకోండి. బంతి తన గోల్ లైన్ నుంచి దాదాపు 76 మీటర్ల దగ్గర పడుతుంది. 90 మీటర్ల గ్రౌండులో ఎదుటి పెనాల్టీ బాక్స్ 73.5 దగ్గరే మొదలవుతుంది, అంటే ఆ బంతి బాక్సులోనే పడింది. 105 గ్రౌండులో బాక్స్ మొదలయ్యేది 88.5 దగ్గర. అదే కిక్ అక్కడ మిడ్‌ఫీల్డర్ తలమీద పడుతుంది. అందుకే చిన్న గ్రౌండులో లాంగ్ కిక్స్ పెట్టి, ముందు టార్గెట్ ఫార్వర్డ్‌ని (పొడుగు బంతులు అందుకునే స్ట్రైకర్), వాడి పక్కన పోచర్‌ని (గోల్ ముందు కాచుకునే స్ట్రైకర్) పెట్టడం మొరటు ఆటలా కనిపించినా లెక్క ప్రకారం సరైన ఆట. అందంగా ఆడాలన్న సరదా ఉంటే సొంత గ్రౌండులో తీర్చుకోండి.

హై లైన్ (డిఫెన్స్ బాగా ముందుకొచ్చి నిలబడటం) విషయం ఇంకా ముఖ్యం. మీ డిఫెన్స్ సెంటర్ లైన్ దగ్గర నిలబడితే, వాళ్ళ వెనక నుంచి మీ బాక్స్ దాకా ఖాళీ ఎంత? 100 గ్రౌండులో 33.5 మీటర్లు, 110లో 38.5. ఐదు మీటర్లే కదా అనిపిస్తుంది. పేస్ 16 ఉన్న స్ట్రైకర్‌కి, పేస్ 12 ఉన్న సెంటర్‌బ్యాక్‌కి మధ్య జరిగే పరుగులో ఆ ఐదు మీటర్లలోనే గోల్ పడుతుంది. పొడవు గ్రౌండుకి వెళ్ళేటప్పుడు డిఫెన్సివ్ లైన్‌ని ఒక మెట్టు దించండి, లేదంటే స్వీపర్ కీపర్‌ని (బాక్స్ దాటి ముందుకొచ్చి బంతి తీసే గోల్‌కీపర్) పెట్టండి. లైన్ ఆఫ్ ఎంగేజ్‌మెంట్‌ని (ప్రెస్ ఎక్కడ మొదలుపెట్టాలన్న గీత) కూడా దాంతోపాటే దించాలి. ముందువాళ్ళు పైన ప్రెస్ చేస్తూ, వెనకవాళ్ళు కింద ఆగిపోతే, మధ్యలో పడే ఖాళీలో ఎదుటి ప్లేమేకర్ కుర్చీ వేసుకుని కూర్చుంటాడు.

పొడవు గ్రౌండులో అలసట కూడా కలిసొస్తుంది. వర్క్ రేట్, స్టామినా రెండూ చూసి మిడ్‌ఫీల్డ్ ఎంచుకోండి. టెంపో ఒక మెట్టు తగ్గించి బంతిని దగ్గర పెట్టుకోవడం కూడా విశ్రాంతే. ఆటగాడి పక్కన ఉండే గుండె బొమ్మ రంగు మారడం అరవయ్యో నిమిషం నుంచే గమనించండి, మార్పులు అప్పుడే చేయండి. ఎనభయ్యో నిమిషం దాకా ఆగడం వల్ల ఏ లాభమూ లేదు.

రెండూ కలిపి చూస్తే

గ్రౌండు పెద్దదా చిన్నదా అని ఒక్క మాటలో తేల్చడం నాకు నచ్చదు. 110 × 64 అనేది పొడవుగా ఉండే ఇరుకు గ్రౌండు. 100 × 75 అనేది పొట్టిగా ఉండే వెడల్పు గ్రౌండు. రెండింటి విస్తీర్ణంలో తేడా 460 చదరపు మీటర్లే, కానీ ఆట మాత్రం పూర్తిగా వేరు.

మొదటి దాంట్లో పక్కల్లో చోటు లేదు, వెనక మాత్రం బోలెడు ఉంది. అక్కడ మధ్యలోంచి కౌంటర్ దాడులు చేయాలి. అడ్వాన్స్‌డ్ ఫార్వర్డ్‌ని పెట్టి, పాస్ ఇంటూ స్పేస్ ఆన్ చేసి, కౌంటర్ ఆన్ చేసి ఆడాలి. వింగర్లని నమ్ముకోవద్దు. రెండో దాంట్లో పరుగెత్తడానికి వెనక చోటు లేదు, కానీ అడ్డంగా ఉంది. ఒక పక్క బంతి తిప్పి, ప్రత్యర్థి బ్లాక్ అటు జరిగాక రెండో పక్కకి మార్చే ఆట కావాలి. పాసింగ్, విజన్ బాగున్న డీప్ లైయింగ్ ప్లేమేకర్ (వెనకనుంచి పాసులు పంచేవాడు) ఇక్కడ ప్రాణం. మెరుపు వేగం ఉన్న స్ట్రైకర్‌ని బెంచి మీద కూర్చోబెట్టినా నష్టం లేదు.

గడ్డి పరిస్థితి కూడా చూడండి. ఇంగ్లండ్ కింది లీగుల్లో చలికాలం వచ్చేసరికి గ్రౌండ్లు బురదగా మారతాయి. కొలతకి సరిపోయే ఆట బురదకి సరిపోకపోతే బురదకే ఓటెయ్యండి. చిన్న పాసులు తగ్గించి, నేల మీద డ్రిబ్లింగ్ మానేయమని చెప్పండి. జూలై, ఆగస్టుల్లో మా ఊళ్ళో ఎవరినైనా అడగండి, ఇదే చెబుతారు.

సొంత గ్రౌండుని ఎలా ఎంచుకోవాలి

సీజన్ మొదలయ్యే ముందు చాలా క్లబ్బుల్లో గ్రౌండ్ కొలత మార్చుకునే అవకాశం ఇస్తారు. ఇన్‌బాక్స్‌లో ఆ మెసేజ్ రాగానే చాలామంది చదవకుండా కొనసాగించేస్తారు. ఆగండి. ఒకసారి పెట్టిన కొలత ఆ సీజన్ అంతా ఉంటుంది. మీ లీగు నిబంధన, స్టేడియంలో ఉన్న చోటు, ఈ రెండింటికీ లోబడే ఎంపికలు కనిపిస్తాయి.

ఫలానా కొలత మంచిదని చెప్పలేం. స్క్వాడు చూసి తేల్చాలి. మీ బలం ఇద్దరు వేగమైన వింగర్లయితే వెడల్పు పెంచండి. మీ సెంటర్‌బ్యాక్‌లు నెమ్మదిగా ఉండి, హై లైన్ ఆడటం మీకిష్టమైతే పొడవు తగ్గించండి. లాంగ్ త్రోలు, ఎత్తైనవాళ్ళు ఉంటే వెడల్పు తగ్గించండి. కొత్తగా పై లీగులోకి వచ్చిన చిన్న టీముకి నేను దాదాపు ఎప్పుడూ ఇరుకు గ్రౌండే పెడతాను. మనకన్నా మంచి ఆటగాళ్ళున్న టీములకి చోటు దొరికితే ఆ తేడా ఇంకా పెరుగుతుంది, చోటు తగ్గితే ఆట గజిబిజిగా మారుతుంది. గజిబిజి ఎప్పుడూ బలహీనుడి పక్షమే. లీగులో మీరే పెద్ద టీమ్ అయితే దీనికి తిరగేసి చేయండి. ఎదుటివాళ్ళంతా పదకొండు మందినీ బాక్స్ ముందు నిలబెడతారు, వాళ్ళని సాగదీయడానికి వెడల్పు కావాలి.

ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది. సీజన్ మధ్యలో జనవరి ట్రాన్స్‌ఫర్లలో మీ వింగర్ని అమ్మేస్తే కొలత అలాగే ఉండిపోతుంది. కాబట్టి ఒకే ఒక్క ఆటగాడిని నమ్మి కొలత పెట్టొద్దు, వాడి స్థానంలో వచ్చేవాడు కూడా అదే ఆట ఆడగలడా అని చూడండి.

టాక్టిక్ స్లాట్లు

గేమ్‌లో ఒకేసారి మూడు టాక్టిక్‌లకి ట్రైనింగ్ ఇవ్వొచ్చు. చాలామంది మొదటిది అసలు ఆటకి, రెండోది గోల్ కావాల్సినప్పుడు, మూడోది లీడ్ కాపాడుకోడానికి పెడతారు. నేను రెండో స్లాట్‌ని ఇరుకు గ్రౌండ్ల కోసం వాడతాను. మ్యాచ్ రోజు అప్పటికప్పుడు విడ్త్, టెంపో, రోల్స్ అన్నీ మార్చేస్తే ఆటగాళ్ళకి ఆ ఆట అలవాటు కాదు, ఫెమిలియారిటీ బార్ తగ్గిపోతుంది. ముందునుంచే స్లాట్‌లో ఉంటే ట్రైనింగ్‌లో దానికీ అలవాటు పడతారు. రెండు టాక్టిక్‌లకీ వీలైనంతవరకు అవే పొజిషన్లు ఉంచండి, రోల్స్ మాత్రం మార్చండి. 4-2-3-1 నుంచి 3-5-2కి గెంతడం కన్నా, 4-2-3-1లోనే వింగర్లని లోపలికి తిప్పడం తేలిక.

సీజన్ మొదట్లో ఫిక్స్చర్ లిస్టు రాగానే ఒక కాగితం తీసుకుని బయట ఆడబోయే గ్రౌండ్ల కొలతలు రాసుకోండి. ఇరుకువి పక్కన ఒక గుర్తు, పొడవువి పక్కన ఇంకో గుర్తు. మా షాపులో బిల్లు పుస్తకం వెనక అట్ట మీద నాది రాసుంటుంది. వచ్చిపోయే కుర్రగుంటలు అదేదో అప్పుల లెక్క అనుకుంటారు.

నా ల్యాప్‌టాప్ పాతది. ఎఫ్ఎం (ఫుట్‌బాల్ మేనేజర్) 25 రద్దయిపోయాక చాలామందిలాగే నేనూ ఎఫ్ఎం 24లోనే ఉండిపోయాను, పై బటన్ల పేర్లన్నీ దాంట్లోవే. ఎఫ్ఎం 26లో బంతి మన దగ్గరున్నప్పుడు ఒక ఫార్మేషన్, లేనప్పుడు ఇంకో ఫార్మేషన్ పెట్టుకోవచ్చు. కొలతల లెక్కకి అది మంచి అవకాశం. ఇరుకు గ్రౌండులో బంతి లేనప్పుడు 4-4-2, ఉన్నప్పుడు వింగ్‌బ్యాక్‌లు పైకెళ్ళే 3-5-2 లాంటి ఆకారం పెట్టుకోవచ్చు.

మ్యాచ్ నడుస్తుండగా

3డీ బొమ్మలు బాగుంటాయి గానీ ఖాళీలు చూడాలంటే పైనుంచి చూసే 2డీ వ్యూ మంచిది. పాత ల్యాప్‌టాప్‌కి కూడా సుఖం. మొదటి ఇరవై నిమిషాలు స్కోరు మర్చిపోయి, మీ వింగర్‌కి బంతి అందినప్పుడు వాడికీ టచ్‌లైన్‌కీ మధ్య ఎంత ఖాళీ ఉందో, మీ సెంటర్‌బ్యాక్‌ల వెనక ఎంత ఖాళీ ఉందో చూడండి.

తర్వాత యావరేజ్ పొజిషన్స్ మ్యాప్ తెరవండి. ఇరుకు గ్రౌండులో ఒకే పక్క ఇద్దరి నంబర్లు ఒకదాని మీద ఒకటి పడి కనిపిస్తే మీ రోల్స్ సరిగా లేనట్టే. ఒకరిని లోపలికి పంపండి. పొడవు గ్రౌండులో డిఫెండర్ల వరసకీ మిడ్‌ఫీల్డర్ల వరసకీ మధ్య పెద్ద ఖాళీ కనిపిస్తే లైన్ ఆఫ్ ఎంగేజ్‌మెంట్ దించండి, లేదంటే ఒక మిడ్‌ఫీల్డర్ని యాంకర్‌గా (డిఫెన్స్ ముందే ఉండిపోయేవాడు) మార్చండి. వెడల్పు గ్రౌండులో మీ ఫుల్‌బ్యాక్‌ల నంబర్లు సెంటర్‌బ్యాక్‌లకి దూరంగా పోయి ఉంటే వాళ్ళని లోపలే ఉండే రోల్‌కి మార్చండి. హాఫ్‌టైమ్ దాకా ఆగక్కర్లేదు, ఒక్క రోల్ మార్పుకి ఆట ఆపి ఒక నిమిషం చాలు. దాని ఫలితం చూడటానికి మాత్రం పది నిమిషాల ఆట టైమ్ ఇవ్వండి, వెంటనే ఇంకోటి మార్చకండి. ఏ మార్పు పనిచేసిందో తెలియకపోతే వచ్చే సీజన్‌లో అదే గ్రౌండుకి వెళ్ళినప్పుడు మళ్ళీ మొదటికొస్తారు. పనిచేసిన మార్పుని ఆ కాగితం మీద కొలత పక్కనే రాసుకోండి.